మైటోకాండ్రియా మీద పరిశోధన చేయాలనుంది, నాన్నేమో బీఎడ్ అంటున్నారు

ప్రశ్న: నమస్తే సార్. మాది శింగనమల దగ్గర ఒక పల్లె. అనంతపురంలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను, జువాలజీ మేజర్. నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. ఈమధ్య ఎంబ్రియాలజీ (పిండం ఎలా పెరుగుతుందో చెప్పే శాస్త్రం) పాఠంలో మా మేడమ్, పిండం పెరగడంలో మైటోకాండ్రియాకు, అంటే కణంలో శక్తి తయారుచేసే భాగాలకు, మనం అనుకున్న దానికంటే పెద్ద పాత్ర ఉందని చెప్పారు. అప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. దీనికి కోర్సు ఎక్కడ ఉంటుంది? నాన్న చీనీ తోట చూసుకుంటారు. "బీఎడ్ చేసి డీఎస్సీ రాయి, మైటోకాండ్రియా కూడు పెడుతుందా?" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ నాన్నగారు అడిగిందానికి ముందు జవాబు చెప్పేస్తాను. మైటోకాండ్రియా చేసేదే ఆ పని. మనం తిన్న కూడు ఒంటపడుతోందంటే దాని పుణ్యమే. అది తయారుచేసే ఏటీపీని, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువును, 1929లో కండరంలో గుర్తించినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మాట నాన్నగారి చెవిన వేయి, కొంచెం మెత్తబడతారేమో.

ఇక నీ సంగతి. ఆ పేరుతో ఎమ్మెస్సీ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దమ్మా. అది ల్యాబులో చేరాక పట్టుకునే ప్రశ్న. దానికి చేరే దారులు రెండు ఉన్నాయి. అయితే ముందు నీకు నచ్చింది ఆ ప్రశ్నా, లేక మేడమ్ పాఠం చెప్పిన తీరా అన్నది తేల్చుకోవాలి. అందుకే కాస్త లోపలికి తీసుకెళ్తాను.

మన మైటోకాండ్రియా అంతా అమ్మ వైపు నుంచే వస్తుంది. దానికి సొంత డీఎన్ఏ ఉంటుంది. మనిషి అండంలో ఈ మైటోకాండ్రియల్ డీఎన్ఏ ప్రతులు లక్షకు పైగా ఉంటాయి. ఒక్కో ప్రతిలో 16,569 అక్షరాలు, 37 జన్యువులు. ఫలదీకరణ అయ్యాక కణాలు రెండు, నాలుగు, ఎనిమిది అవుతాయి గానీ ఆ డీఎన్ఏ మాత్రం మొదటి కొద్ది రోజులు పెరగదు. ఉన్నదాన్నే పంచుకుంటాయి. అమ్మ కట్టిచ్చిన సద్దిమూటతోనే పిండం గర్భసంచి దాకా నడుస్తుందన్నమాట. మూటలో సరుకు బాగాలేకపోతే దారి మధ్యలోనే ఆగిపోవచ్చు.

ఇంకో చిత్రం ఉంది. ఆడపిల్ల పుట్టకముందే ఆమె అండాలు తయారై, ఏళ్ల తరబడి అలాగే కాచుకుని ఉంటాయి. అంతకాలం మైటోకాండ్రియా పూర్తి వేగంతో పనిచేస్తే, దాని నుంచి వచ్చే ఆక్సిజన్ వ్యర్థాలే అండాన్ని పాడుచేస్తాయి. మరి ఎలా నెట్టుకొస్తాయి? 2022లో బార్సిలోనా పరిశోధకులు మనుషుల అండాల్లోనూ కప్ప అండాల్లోనూ చూసి చెప్పారు: మైటోకాండ్రియా శక్తి తయారుచేసే వరుసలో (ఎలక్ట్రాన్ రవాణా గొలుసు) మొదటి మెట్టు, కాంప్లెక్స్ వన్, ఆ దశలో దాదాపు ఉండదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నిప్పు మాత్రం ఆరకుండా ఉంచినట్టు.

ఎలుక పిండం రెండు కణాల దశలో గ్లూకోజు ఒక్కటే ఇస్తే ముందుకు పోదు, పైరువేట్ (గ్లూకోజు విరిగితే వచ్చే పదార్థం) కావాలి. ఉత్త శక్తి కోసమే అనుకునేవాళ్లు. 2017లో లాస్ ఏంజెలెస్‌లో ఉత్పల్ బెనర్జీ బృందం చూసింది వేరు. మైటోకాండ్రియాలో ఉండాల్సిన, పైరువేట్‌ను శక్తిగా మార్చే పనిలో (క్రెబ్స్ వలయం) ఉండే ఎంజైములు కొన్ని, ఆ కాసేపు కేంద్రకంలో కనిపించాయి. సరిగ్గా పిండం సొంత జన్యువులు మేల్కొనే వేళకే. వాటిలో ఒకటైన పైరువేట్ డీహైడ్రోజినేస్ ఎక్కడ ఉంటుంది అంటే "మైటోకాండ్రియా" అని రాసి మార్కు కొట్టేసిన తరం మాది!

నువ్వు ప్రాక్టికల్స్‌లో కోడి పిండం స్లైడ్లు గీసే ఉంటావు. 48 గంటల స్లైడులో వెన్ను పొడవునా జంటజంటలుగా ఇటుకల్లా కనిపించే సోమైట్లను (తర్వాత వెన్నుపూసలు, కండరాలు అయ్యే ముద్దలు) ఎప్పుడైనా లెక్కపెట్టావా? కోడిలో గంటన్నరకు ఒక జంట వస్తుంది. ఎలుకలో 2 గంటలకు, మనిషిలో 5 గంటలకు. ఎందుకీ తేడా? 2023లో హార్వర్డ్‌లో ఆలివియే పూర్కియే బృందం ఎలుక, మనిషి కణాలను పక్కపక్కన పెంచి చూసింది. ఎలుక కణాల్లో జీవక్రియ వేగం ఎక్కువ. మైటోకాండ్రియాలో జరిగే శ్వాసక్రియ తగ్గిస్తే సోమైట్లకు లయ కట్టే గడియారం నెమ్మదించింది. మనిషి కణంలో, శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీ అణువు రెండు రూపాల (NAD+/NADH) నిష్పత్తిని పెంచితే వేగం పుంజుకుంది. నెలల తరబడి స్లైడ్లు గీసిన మాకు ఆ లెక్క పెట్టాలనే తోచలేదు. ఒక మాస్టారు మాత్రం పొదిగేసి మూడు రోజులైన గుడ్డు పెంకు మీద చిన్న కిటికీ కోసి చూపించారు. పచ్చసొన మీద ఎర్రటి చుక్క టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. నేను ఈ దారిన రాకపోయినా అది ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఈ నాలుగు పేరాలు చదువుతుంటే నీకు ఇంకో పది ప్రశ్నలు పుడితే పరిశోధన వైపు రా. బోరు కొడితే, అదీ మంచిదే, త్వరగా తెలిసింది.

పరిశోధన అంటే మంచి ఎమ్మెస్సీ, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష). లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో నీ ప్రశ్న రెండు యూనిట్లలో ఉంది: ఒకటో యూనిట్‌లో జీవరసాయనం, ఐదులో డెవలప్‌మెంటల్ బయాలజీ. మన జువాలజీ పిల్లలు ఐదుకు ఎగబడతారు, ఒకటి అంటే పారిపోతారు. నువ్వు అలా చేస్తే ఈ సబ్జెక్టే నీకు దక్కదు. ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి అందుతాయి. ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ, గ్యాట్-బీ కూడా రాయి. వీటిలో ఇంటర్ స్థాయి లెక్కలు అడుగుతారు. బైపీసీ పిల్లలు బోల్తాపడేది అక్కడే. ఈ వేసవిలో లాగరిథమ్స్, ప్రాబబిలిటీ, కొంచెం కాలిక్యులస్ పట్టు. బయట సీటు రాకపోతే మన అనంతపురం ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ), కడప యోగి వేమనలో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలో ఏది దొరికినా చేరు. కాకపోతే ఒక్క వేసవైనా బయటి ల్యాబులో పనిచేయాలి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఇలాంటి వాళ్ల కోసమే ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ, తిరుపతి ఐసర్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ లాంటి పరిశోధన సంస్థల వెబ్‌సైట్లు తెరిచి ఎవరి ల్యాబు ఏ ప్రశ్న మీద ఉందో చూడు. బెంగళూరు మనకు ఒక రాత్రి బస్సు దూరం కూడా లేదు.

రెండో దారి ఐవీఎఫ్ సెంటర్లలో ఎంబ్రియాలజిస్టు ఉద్యోగం. పిండాలను పెంచే ఆ మీడియంలో పైరువేట్ ఉండటానికి కారణం పైన చెప్పిన ఎలుకల కథే. పని మాత్రం వేరు. రోజంతా మైక్రోస్కోపు ముందు, చేయి వణక్కూడదు, తప్పు చేస్తే ఒక కుటుంబం ఆశ పోతుంది. మణిపాల్ లాంటి చోట రెండేళ్ల క్లినికల్ ఎంబ్రియాలజీ ఎమ్మెస్సీ ఉంది, ఫీజు బరువే. 2021లో సంతానసాఫల్య చికిత్సల మీద ఏఆర్‌టీ చట్టం వచ్చాక ఎవరు ఎంబ్రియాలజిస్టుగా పనిచేయవచ్చో నిబంధనలు పెట్టారు. డబ్బు కట్టేముందు అవి చదువు. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సుకు లక్షలు పోసిన ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఉన్నన్నాళ్లూ పక్కన నిలబడి చూడటమే తప్ప పిపెట్ చేతికివ్వలేదట.

నాన్నగారి మాట కొట్టిపారేయను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు చూశాక ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుంది. కానీ దానికి ముందు ఉద్యోగాలు ఇచ్చిన మెయిన్ నోటిఫికేషన్ కోసం 2018 దాకా వెనక్కి వెళ్లాలి, మధ్యలో ఎంతమంది కాచుకుని కూర్చున్నారో ఆయనకూ తెలుసు. ఎమ్మెస్సీ చేస్తే బీఎడ్ తలుపు మూసుకుపోదు, పైగా జూనియర్ లెక్చరర్ పోస్టుకు అదే అర్హత. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. వయసు పరిమితిలో ఆడపిల్లలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. నేనైతే నాన్నగారితో ఇలా ఒప్పందం చేసుకోమంటాను: ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆ తర్వాత నెట్‌కు ఒక ఏడాది. అప్పటికీ కుదరకపోతే బీఎడ్ కోసం ఎడ్‌సెట్ రాస్తానని ఇప్పుడే మాటివ్వు. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుందన్నది కూడా దాచకుండా చెప్పు.

ల్యాబులకు మెయిల్ రాసేటప్పుడు "నాకు మైటోకాండ్రియా అంటే చాలా ఇష్టం" అని మొదలుపెట్టకు, అలాంటివి వాళ్లకు రోజూ వస్తాయి. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో నీకు అర్థంకాని ఒక్క బొమ్మ గురించి నాలుగు వాక్యాల్లో అడుగు. జవాబు రాకపోతే పదిహేను రోజులాగి ఇంకొకరికి రాయి.