వెబ్‌సైట్ల స్క్రీన్‌షాట్లు సేకరించి అందరికీ చూపిస్తే కాపీరైట్ ఉల్లంఘన అవుతుందా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో వెబ్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. డిజైన్ బాగుందనిపించిన వెబ్‌సైట్ల స్క్రీన్‌షాట్లు తీసి, పేజీ రకం, రంగులు, అక్షరాల తీరు, మెనూ అమరికను బట్టి ట్యాగులు పెట్టి దాచుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. తోటి డిజైనర్లకు పనికొస్తుందని నిరుడు ఆ సేకరణను ఒక వెబ్‌సైట్‌గా పెట్టాను. ప్రతి స్క్రీన్‌షాట్ కింద అసలు సైటు పేరు, లింకు ఇస్తున్నాను. ఇప్పుడు ఇతరులు కూడా స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు. బాగున్నవి నేనే ఎంచి పెడుతున్నాను. ఈమధ్య చేనేత చీరలు అమ్మే ఒక ఆన్‌లైన్ సంస్థ నుంచి లాయర్ నోటీసు వచ్చింది. తమ పేజీల మూడు స్క్రీన్‌షాట్లు తీసేసి, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించకపోతే క్రిమినల్ కేసు పెడతామని అందులో ఉంది. నేను చేసింది నేరమా? డబ్బు కట్టాలా? సైటుకు నెలవారీ చందా పెట్టాలనుకుంటున్నాను, పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు స్క్రీన్‌షాట్ తీసి మీ కంప్యూటర్‌లో దాచుకోవడం వేరు, దాన్ని అందరికీ కనిపించేలా పెట్టడం వేరు. చట్టం ఈ రెంటినీ ఒకే గాటన కట్టదు. మీ ప్రశ్నలోని చిక్కంతా ఈ రెండో పనిలోనే ఉంది కాబట్టి ముందుగా ఆ తేడాను వివరిస్తాను.

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14 ప్రకారం ఒక రచనను ఏ రూపంలోనైనా పునరుత్పత్తి చేసే హక్కు, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో నిల్వ చేసే హక్కు, ప్రజలకు అందుబాటులో ఉంచే హక్కు కాపీరైట్ యజమానివే. అయితే సెక్షన్ 52(1)(ఎ) కొన్ని ప్రయోజనాల కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. పరిశోధనతో సహా సొంత అవసరం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తా కథనం, ఇవే ఆ ప్రయోజనాలు. ఈ ప్రయోజనాల కోసం ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేసుకోవడం కూడా తప్పు కాదని 2012 సవరణలో చేర్చిన వివరణ స్పష్టంగా చెబుతుంది. కాబట్టి నేర్చుకోవడానికి, పరిశీలించడానికి మీరు దాచుకున్న స్క్రీన్‌షాట్ల గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. అదే సేకరణను వెబ్‌సైట్‌లో పెట్టిన రోజునుంచి అది మీ సొంత అవసరం కాకుండా పోయింది. సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) ప్రకారం ఒక రచనను చూసే వీలు ప్రజలకు కల్పిస్తే చాలు, ఎవరైనా నిజంగా చూశారా లేదా అన్నదానితో పని లేకుండానే అది ‘ప్రజలకు తెలియపరచడం’ కిందికి వస్తుంది. ‘నా సైటు చూసేవాళ్లు పదిమంది కూడా లేరు’ అన్న వాదన అందువల్ల నిలవదు.

ఇప్పుడు ఆ చీరల సంస్థ హోమ్ పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి మీ ముందు ఉందనుకోండి. పైన లోగో ఉంటుంది. అది కళాకృతి, పైగా ట్రేడ్‌మార్కు కూడా. మధ్యలో మంగళగిరి చీర కట్టుకున్న మోడల్ ఫొటో ఉంటుంది. దానికి విడిగా కాపీరైట్ ఉంటుంది. పక్కన నేత గురించి రాసిన నాలుగు వాక్యాలు సాహిత్య రచన కిందికి వస్తాయి. కింద వరుసగా చీరల బొమ్మలు, ధరలు, ‘బుట్టలో వేయండి’ అన్న బటన్ ఉంటాయి. ఆ బటన్ కుడివైపున ఉండటం, వరుసకు మూడు బొమ్మలు ఉండటం ఎవరి సొత్తూ కాదు. అది భావన మాత్రమే. ఒక భావనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఆ పేజీ వెనక ఉన్న కోడ్ కంప్యూటర్ ప్రోగ్రామ్ కనుక దానికి వేరే రక్షణ ఉంది, కానీ అది స్క్రీన్‌షాట్‌లోకి రాదు. తెరపై కనిపించే రూపం ప్రోగ్రామ్‌కు మరో రూపం కాదని, అందులో సొంత సృజన ఉంటే మాత్రం దానికదే కాపీరైట్ పొందగలదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010లో ఒక చెక్ కేసులో తేల్చింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనవసరం లేకపోయినా ఆ తర్కం మన చట్టానికీ సరిపోతుందనే నా అభిప్రాయం. ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. డిజైనర్‌గా మీకు ఆసక్తి ఉన్నది ఎక్కువగా అమరికలో, దానికి రక్షణ తక్కువ. కానీ ఆ అమరికతోపాటు మీరు చూపిస్తున్న ఫొటోకు, రాతకు, లోగోకు పూర్తి రక్షణ ఉంది.

మూలం పేరు, లింకు ఇవ్వడం మంచి అలవాటే, మానవద్దు. సెక్షన్ 57 కింద రచయితకు తన పేరు చెప్పుకునే హక్కు ఉంది కాబట్టి అది మీ మర్యాదను, నిజాయితీని చూపుతుంది. కానీ పేరు చెప్పినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. అలాగే అసలు సైటులో కాపీరైట్ గుర్తు లేదని గానీ, ఆ సంస్థ కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించుకోలేదని గానీ వాదించి లాభం లేదు. మన దేశంలో హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. విదేశీ వెబ్‌సైట్ల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు, 1999 ద్వారా, కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల రచనలకు ఇక్కడ మన రచనలతో సమానంగా రక్షణ ఉంది.

డిజైనర్లు చాలామంది అమెరికా తీర్పులు చదివి ధైర్యం తెచ్చుకుంటారు. వెతికేవాళ్ల కోసం చిన్న బొమ్మలుగా కుదించి చూపించడం తప్పు కాదని అక్కడి అప్పీళ్లు వినే తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2003లో ఆరిబా సాఫ్ట్ కేసులోను, 2007లో అమెజాన్, గూగుల్‌లపై వచ్చిన కేసులోను చెప్పిన మాట నిజమే. అయితే అక్కడి చట్టంలో ప్రయోజనాల జాబితాకు హద్దు లేదు. నాలుగు అంశాలను తూచి కోర్టు నిర్ణయిస్తుంది. మన చట్టం జాబితా ఇచ్చి, దాని లోపల ఉంటేనే న్యాయమా కాదా అని చూస్తుంది. ముందు మీరు ఆ గుమ్మం దాటాలి. ‘స్ఫూర్తి కోసం’ అన్న పదం మన సెక్షన్ 52లో ఎక్కడా లేదు. అందుకే మీకు మిగిలిన ఒకే ఒక గట్టి ఆధారం విమర్శ, సమీక్ష.

దీనిమీదే మీరు శ్రద్ధ పెట్టాలని గట్టిగా చెబుతున్నాను. వివరణ లేకుండా వరుసగా పేర్చిన స్క్రీన్‌షాట్ల గ్యాలరీని సమీక్ష అని కోర్టును ఒప్పించడం కష్టం. అదే స్క్రీన్‌షాట్ పక్కన, ‘ఈ పేజీలో తెలుగు ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ఎలా పెంచారో చూడండి, కానీ లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఫోను చూసేవారికి కనిపించవు’ అని మీరు రాస్తే అది నిక్కమైన సమీక్ష. అప్పుడు మీరు చూపించే భాగం మీ మాటకు అవసరమైనంతే ఉందా అన్నది తరువాతి ప్రశ్న అవుతుంది. సివిక్ చంద్రన్ కేసులో 1996లో కేరళ హైకోర్టు చూసిన అంశాలు ఇవే: ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అది అసలు రచనతో పోటీ పడుతుందా. మీ గ్యాలరీ చూసి ఎవరూ చీర కొనడం మానుకోరు కనుక మూడో అంశం మీకు అనుకూలం. మొదటి అంశం కోసం పేజీ మొత్తాన్ని పెట్టకుండా మీరు చర్చిస్తున్న భాగాన్ని కత్తిరించి, చిన్న పరిమాణంలో పెట్టండి. మోడల్ ఫొటో మీ చర్చకు అక్కర్లేకపోతే దాన్ని మసకచేయండి.

మీ ట్యాగుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మీకే హక్కు ఉంది. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీర్పుల మూల పాఠంపై ప్రచురణకర్తకు హక్కు లేదంటూనే, పేరాలు విడగొట్టి అంకెలు వేయడంలో, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో విభేదించారో సూచించడంలో చూపిన నైపుణ్యానికి, వివేచనకు రక్షణ ఇచ్చింది. సంకలనాలు, డేటాబేసులు సాహిత్య రచనలేనని సెక్షన్ 2(ఓ) చెబుతుంది. కాబట్టి మీ ఎంపికలో, వర్గీకరణలో, రాసిన వ్యాఖ్యల్లో మీ వివేచన కనబడితే ఆ మేరకు అవి మీ సొంతం. రేపు ఎవరైనా మీ సేకరణను గంపగుత్తగా ఎత్తుకుపోతే మీరు అడ్డుకోవచ్చు. అయితే లోపలి బొమ్మలపై ఆ హక్కు మీకు రాదు.

ఇతరులు పంపే స్క్రీన్‌షాట్ల విషయంలో మీ బాధ్యత తగ్గుతుందని అనుకోవద్దు. ఐటీ చట్టం సెక్షన్ 79 మధ్యవర్తులకు, అంటే ఇతరులు పెట్టే సమాచారానికి వేదిక మాత్రమే అయిన సైట్లకు రక్షణ ఇస్తుంది, సూపర్ క్యాసెట్స్ వేసిన మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఆ రక్షణను కాపీరైట్ వివాదాలకూ వర్తింపజేసింది. కానీ సమాచారాన్ని తానే ఎంచుకోని, మార్చని మధ్యవర్తికే ఆ రక్షణ అని చట్టంలో షరతు ఉంది. మీరు బాగున్నవి ఎంచి, ట్యాగు పెట్టి, ప్రచురిస్తున్నారు. ఆ పనిలో మీరు మధ్యవర్తి కంటే సంపాదకుడికే దగ్గర. యజమాని రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఇరవై ఒక్క రోజులపాటు ఆ రచన అందకుండా ఆపాలన్న కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి) నిబంధన కూడా మీకు అక్కరకు రాదు. అది లింకు, ప్రాప్యత కల్పించే క్రమంలో తాత్కాలికంగా, వేరే పనిలో భాగంగా యాదృచ్ఛికంగా జరిగే నిల్వకు సంబంధించినది. మీ నిల్వ శాశ్వతం.

లాగిన్ అయ్యాక మాత్రమే కనిపించే తెరలను, అంటే బ్యాంకు యాప్‌లు, ఆసుపత్రి పోర్టళ్లు, క్లయింటు ఇంకా విడుదల చేయని డిజైన్లను అసలు తీసుకోవద్దు. అక్కడ కాపీరైట్‌తోపాటు ఒప్పంద ఉల్లంఘన, ఇతరుల వ్యక్తిగత సమాచారం అనే మరో రెండు సమస్యలు ఎదురవుతాయి.

ఇక నోటీసు సంగతి. దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం, భయపడి డబ్బు కట్టడం, రెండూ సరికావు. ఆ మూడు స్క్రీన్‌షాట్లను ఈరోజే తీసేయండి. తీసేసే ముందు అవి మీ సైటులో ఎలా కనబడ్డాయో, ఏ తేదీన పెట్టారో, కింద ఏం రాశారో కాపీ చేసి భద్రపరచండి. తరువాత మీ న్యాయవాది ద్వారా, మీ హక్కులకు భంగం లేకుండా, తప్పు ఒప్పుకోకుండా జవాబు పంపండి. ఆ జవాబులో ఆ పేజీలోని ఏ ఫొటోకు, ఏ రాతకు తాము యజమానులమో రుజువు చూపమని అడగండి. సెక్షన్ 17 కింద ఉద్యోగి చేసిన పనికి యాజమాన్యమే మొదటి హక్కుదారు, కానీ బయటి ఫ్రీలాన్సర్ చేసిన డిజైన్‌కు సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వక బదలాయింపు ఉండాలి. చాలా చిన్న సంస్థల దగ్గర ఆ కాగితం ఉండదు.

ఐదు లక్షల అంకెకు చట్టంలో ఆధారం లేదు. అమెరికాలోలాగా ఒక్కో రచనకు ఇంత అని మన చట్టం నష్టపరిహారాన్ని నిర్ణయించలేదు. సెక్షన్ 55 కింద నష్టాన్ని గానీ మీకు వచ్చిన లాభాన్ని గానీ వాళ్లు రుజువు చేయాలి. ఉచితంగా నడుస్తున్న సైటులో మూడు చిన్న బొమ్మల వల్ల వచ్చిన నష్టం ఇంత అని చూపడం తేలిక కాదు. క్రిమినల్ బెదిరింపును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సెక్షన్ 63 కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ సెక్షన్‌లో ‘తెలిసి’ అన్న మాటే కీలకం. నోటీసు అందాక కూడా ఆ బొమ్మలను ఉంచితే తెలియదని చెప్పే అవకాశం మీకు ఉండదు. మీ సైటు అమెరికా సర్వర్‌లో ఉంటే వాళ్లు అక్కడి 1998 డిజిటల్ కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) కింద నేరుగా హోస్టింగ్ కంపెనీకి కూడా రాయవచ్చు. అప్పుడు మిమ్మల్ని అడగకుండానే ఆ పేజీలు ఆగిపోవచ్చు.

చందా విషయంలో నా సలహా ఇది. స్క్రీన్‌షాట్లు చూడటానికి డబ్బు తీసుకోవద్దు. అది న్యాయమైన వినియోగం అన్న వాదనను బలహీనపరచడమే కాక, పైన చెప్పిన శిక్ష తగ్గింపును కూడా మీకు దూరం చేస్తుంది. మీరు రాసే సమీక్షలకు, ట్యాగులతో వెతికే సౌకర్యానికి, మీరు చెప్పే పాఠాలకు చందా పెట్టండి, అవి మీవి. సంస్థలకు ముందే ఒక మెయిల్ రాసి అనుమతి అడిగే పద్ధతి కూడా మొదలుపెట్టండి. తమ డిజైన్‌ను మెచ్చుకుంటూ నలుగురికీ చూపిస్తామంటే కాదనేవాళ్లు తక్కువ. వచ్చిన ప్రతి జవాబునూ ఆ స్క్రీన్‌షాట్ తేదీతో కలిపి ఫైలులో పెట్టండి, అభ్యంతరం వస్తే రాయడానికి సైటులో ఒక చిరునామా స్పష్టంగా ఇవ్వండి. పాత గ్యాలరీలో ఒక్క మాట కూడా వ్యాఖ్య లేని పేజీలుంటే, వాటికి సమీక్ష రాసేదాకా అందరికీ కనబడకుండా ఆపి ఉంచండి.