ఆ ఆదివారాన్ని లెక్కలోంచి కొట్టేయకండి

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఇది పరీక్షల సంవత్సరం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. ఆవిడ పనులన్నీ నావే. మనశ్శాంతి కోసం ఆరు నెలలుగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ధ్యానం చేస్తున్నాను. కళ్లు మూసుకుంటే చాలు, ఆ రోజు పనుల చిట్టా తిరుగుతుంది. ఒక్కరోజు మానేస్తే పాపం చేసినట్టు కుమిలిపోతాను. ఈమధ్య ధ్యానం మధ్యలో పిలిచిందని మా చిన్నమ్మాయి మీద గట్టిగా అరిచాను. 'ఇంత ధ్యానం చేసి ఏం లాభం?' అన్నారు మావారు. మొన్న ఆదివారం పొద్దున అత్తగారి గోళ్లు తీస్తూ కూర్చుండిపోయి ధ్యానం సంగతే మరిచిపోయాను. ఆ కాసేపూ ప్రాణం హాయిగా ఉంది. అంతలోనే 'అయ్యో, ఇవాళ్టిది పోయిందే' అని దిగులు పట్టుకుంది. సంసారం వదిలి ఎక్కడికైనా వెళ్లిపోతే తప్ప నాకు ఆధ్యాత్మికత అబ్బదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పు జరిగిందని మీరు రాసుకున్న ఆ ఆదివారం దగ్గరే నేను ఆగిపోయాను. పక్షవాతం వచ్చిన చెయ్యి తరచూ బిగుసుకుపోయి పిడికిలి పట్టుకుని ఉంటుంది. ఒక్కో వేలూ నెమ్మదిగా విప్పాలి. స్పర్శ సరిగా తెలియని చర్మం కాస్త తెగినా ఆవిడ చెప్పలేకపోవచ్చు. అందుకే మీ చూపు, చెయ్యి, చివరికి ఊపిరి కూడా ఆ గోటి అంచు మీదే నిలిచాయి. ఆ కాసేపు చిట్టా లేదు, రేపటి బెంగ లేదు. ఆరు నెలలుగా చీకటితోనే లేచి మీరు వెతుకుతున్నది అదేనమ్మా. అది దొరికిన మరుక్షణమే లెక్కలోంచి మీరే కొట్టేశారు.

మనసు పరుగెత్తడం మీ ఒక్కరి లోపం కాదు. 2010లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఒక పరిశోధన ప్రచురించారు. 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో ఫోను ద్వారా పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేతిలోని పని మీద లేదు. ఏ పని చేస్తున్నారన్న దాని కంటే, మనసు ఆ పని మీద ఉందా లేదా అన్నదే వాళ్ల సంతోషాన్ని ఎక్కువగా తేల్చింది. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు దొరకని హాయి గోళ్లు తీస్తున్నప్పుడు దొరికిందంటే అందులో వింతేమీ లేదు. ఇంకొక మాట. ధ్యానంలో మనసు జారిపోవడం ఓటమి కాదు. జారిందని గమనించి వెనక్కి తెచ్చుకోవడమే ఆ సాధన.

భారతంలో కౌశికుడి కథ మీకు తెలిసే ఉంటుంది. తపశ్శక్తితో కొంగను చూపుతోనే కాల్చిన ఆయన, భర్త సేవలో ఉండి భిక్ష ఆలస్యం చేసిందని ఒక ఇల్లాలి మీద కోపగించుకుంటాడు. ఆవిడ 'నేను కొంగను కాను' అని చెప్పి, ఆయనను మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరకు పంపుతుంది. అడవిలో తపస్సు చేసిన వాడికి, అంగట్లో కూర్చున్న మనిషి ధర్మం బోధిస్తాడు. ఈ కథను ఆడవాళ్ల మీద మరింత చాకిరీ మోపడానికి వాడుకునేవాళ్లు ఉన్నారు. నాకది ఎంతమాత్రం నచ్చదు. ఎందుకంటే ధర్మవ్యాధుడు తన వృద్ధ తల్లిదండ్రులను చూపించి ఏమంటాడు? భార్యాపిల్లలతో కలిసి వీళ్లకు సేవ చేస్తాను, స్నానం నేనే చేయిస్తాను, పాదాలు నేనే కడుగుతాను అంటాడు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట 'ఆవిడ పనులన్నీ నావే' అన్నది. ఆవిడ మీవారికి కన్నతల్లి. సంసారానికీ ధ్యానానికీ మధ్య మీరు వెతుకుతున్న సమతుల్యం సగం మనసుకు సంబంధించిన విషయమే, మిగతా సగం మాత్రం ఎన్ని చేతులు పని చేస్తున్నాయన్న లెక్క. రెండు చేతులు మోస్తున్న బరువును ధ్యానం తేలిక చేయలేదు. 'కాస్త సాయం చేయండి' అని అడిగితే ఆ సాయం రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. రోజూ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఫలానా పనులు మీవి అని తేల్చి చెప్పండి. ఆ పని ఆయన సరిగ్గా మీలాగే చేయకపోయినా మళ్లీ సరిదిద్దకండి. ఇది చాలా కష్టం, నాకు తెలుసు.

ఇక నాలుగున్నర సంగతి. రాత్రి ఎన్నింటికి పడుకుంటారో మీరు రాయలేదు. నిద్ర చాలకపోతే ఎవరికైనా కోపం ముక్కు మీద ఉంటుంది. చిన్నమ్మాయి మీద అరిచింది నిద్రలేని శరీరమే అయి ఉండవచ్చు. అతిగా నిద్రపోయే వాడికీ, అతిగా మేలుకునే వాడికీ యోగం కుదరదని గీతలో ధ్యానం గురించి చెప్పిన ఆరో అధ్యాయమే అంటుంది. ఒక నెలపాటు ఆ వేళకు లేవడం మానేయండి. అలారం కూడా తీసేయండి. దాని బదులు రోజూ ఎలాగూ చేసే ఒక్క పనిని, ఏదైనా ఒక్కటే, పూర్తిగా అక్కడే ఉండి చేయండి. ఆ పూటకు అదే ధ్యానం. చిన్నమ్మాయికి మాత్రం ఈరోజే క్షమాపణ చెప్పండి. కారణాలు జోడించకుండా, 'నిన్ను అరిచాను, తప్పు నాదే' అంటే చాలు.

ఎక్కడికైనా వెళ్లిపోవాలన్న కోరికను చూసి భయపడకండి. అలసిన మనిషి తరచూ విశ్రాంతినే వైరాగ్యం అనుకుంటాడు. ముందు ఒక పూర్తి రోజు సెలవు తీసుకుని, ఎవరి పనీ చేయకుండా గడిపి చూడండి. అయితే రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ దేనిలోనూ సంతోషం కలగకపోయినా, నిద్రా ఆకలీ తలకిందులైనా, బతకడం ఎందుకు అనిపించినా, వెంటనే వైద్యుణ్ణి కలవండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి, రక్తపరీక్షలో తెలిసిపోతాయి. వాటికి కావలసింది మందు. అలాంటప్పుడు భక్తి చాలలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

అత్తగారి గోళ్లు మళ్లీ పెరిగేసరికి కత్తెర మీవారి చేతికివ్వండి. మొదటిసారి ఆయనకు భయం వేస్తుంది. బిగిసిన వేలిని ఎలా విప్పి పట్టుకోవాలో ఒక్కసారి చూపించి, తలుపు దగ్గరగా వేసి, మీరు బయటికి వచ్చేయండి.