టెక్ సందేహాలు: యాప్ ఇరవై చేపలు పెట్టొచ్చంటోంది

ప్రశ్న: సార్, మా పాప కోసం రెండడుగుల ఫిష్ ట్యాంకు కొన్నాను. ఎన్ని చేపలు పెట్టొచ్చో ఫోన్‌లో ఒక యాప్‌లో చూస్తే 20 అంది. షాపాయనేమో రెండు గోల్డ్ ఫిష్, నాలుగు గప్పీలు, ఒక ఏంజెల్, అడుగు శుభ్రం చేయడానికి ఒక సక్కర్ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? (యాప్ స్క్రీన్‌షాట్, ట్యాంకు ఫొటో, దాని కొలతలు జతచేశాను.)
- ఒక తండ్రి, సీ క్యాంప్, కర్నూలు

ఫోన్ హ్యాంగవుతోంది, స్టోరేజ్ నిండిపోయింది అనే ఉత్తరాల మధ్య చేపల ప్రశ్న రావడం ఇదే మొదటిసారి. కానీ మీ స్క్రీన్‌షాట్ చూశాక ఇది మా శీర్షికలోకి రావాల్సిన ప్రశ్నేనని తేలింది. ట్యాంకు కొలత దగ్గర మీరు 54 అని కొట్టారు. పక్కన యూనిట్ మాత్రం గాలన్లలోనే ఉండిపోయింది. అమెరికా గాలన్ అంటే 3.785 లీటర్లు. అంటే మీ ఇంట్లో 204 లీటర్ల ట్యాంకు ఉందని యాప్ అనుకుంది. పాపం, దాని తప్పేం లేదు.

మీ ట్యాంకు లోపలి కొలత 60, 30, 30 సెంటీమీటర్లు. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు. అదీ అంచుదాకా నింపితే. కింద రెండంగుళాల గులకరాళ్లు, పైన చేప ఎగిరి బయట పడకుండా కాస్త ఖాళీ తీసేస్తే మిగిలే నీళ్లు నలభై లీటర్ల పైచిలుకు, అంతే. యాప్‌లో యూనిట్‌ను లీటర్లకు మార్చి 42 అని కొట్టి చూడండి, ఇరవై ఎక్కడికి దిగుతుందో మీకే తెలుస్తుంది.

ఇక షాపాయన జాబితా. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన అమ్మేది రెండంగుళాల చేపను, మీరు సాకాల్సింది మాత్రం పెరిగిన చేపను. గుండ్రటి పొట్ట గోల్డ్ ఫిష్ కూడా బాగా పెరిగితే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలవుతుంది. పైగా తిండిపోతు, నీళ్లు పాడు చేయడంలో దాన్ని మించింది లేదు. దానికి చల్లటి నీళ్లు కావాలి, గప్పీకి వెచ్చటివి. ఈ రెండింటినీ ఒక ట్యాంకులో వేస్తే ఒకదానికి సుఖం ఉండదు. ఏంజెల్ పొడవు కంటే ఎత్తు పెరిగే చేప. రెక్కల కొసలతో కలిపి చూస్తే అడుగు ఎత్తు ట్యాంకు దానికి ఇరుకు. నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగుతుంది, గప్పీ పిల్లలు దానికి టిఫినే. సక్కర్ సంగతి మరీ అన్యాయం. అది అడుగు పొడవు దాటి పెరుగుతుంది, మురికి తినదు, అద్దం మీద నాచు గీకి తిని అంతకంటే ఎక్కువ మురికి చేస్తుంది. ఇప్పటికే తెచ్చి ఉంటే తిరిగి షాపులోనే ఇచ్చేయండి. తుంగభద్రలోనో కేసీ కెనాల్‌లోనో మాత్రం వదలొద్దు. అది మన నీళ్ల చేప కాదు.

నేనైతే మీ ట్యాంకులో ఆరు గప్పీలు, మూడు ప్లాటీలు వేస్తాను. అన్నీ మగవే. పాపకు గోల్డ్ ఫిష్ రంగే కావాలంటే నారింజ ప్లాటీ ఉంది కదా. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక: పొట్ట కింద వెనకవైపు రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగది, విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది. షాపులో వలతో పట్టి కవరులో వేశాక లైటుకెత్తి చూడండి. ఒక్క ఆడ గప్పీ వచ్చిందా, ఒకసారి జతకడితే చాలు, ఆ తర్వాత మగది లేకపోయినా నెలకోసారి చొప్పున పిల్లలు పెడుతూనే ఉంటుంది. యాప్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అన్నీ ఒకేరోజు తేవద్దు. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి నెలలో చేపలు ఎక్కువగా చచ్చేది అందుకే, మన దిష్టి తగిలి కాదు. స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా పోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. అన్నట్టు ఫొటోలో ట్యాంకు టీవీ యూనిట్ మీద ఉంది. నీళ్లు, రాళ్లు, అద్దం కలిపితే 70 కిలోలకు తక్కువ ఉండదు. ఈరోజే దించండి.

ప్రశ్న: మా బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల) మీటర్ 900 చూపిస్తోంది, ఆర్వో నీళ్లలో 60. చేపలకు ఏవి మంచివి?
- డిగ్రీ విద్యార్థి, నంద్యాల చెక్‌పోస్ట్, కర్నూలు

రెండూ కలపండి. ఒక వంతు బోరు, రెండు వంతులు ఆర్వో వేస్తే దాదాపు 340 వస్తుంది. గప్పీ, మోలీ, ప్లాటీలకు అది హాయి. మోలీ అయితే అంతకంటే గట్టి నీళ్లలో, అంటే లవణాలు ఇంకా ఎక్కువున్న నీళ్లలో కూడా బతుకుతుంది. నియాన్ టెట్రా చేపలకు లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, మన బోరుతో వాటిని సాకడం తలనొప్పి. ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం వద్దు, లవణాలు లేక వాటి పీహెచ్ నిలకడగా ఉండదు. ఇంకో మాట: ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో అంతే. అమోనియా ఉందో లేదో దానికి తెలియదు. అమోనియా చూడ్డానికి చుక్కలేసి రంగు చూసే కిట్ వేరే కొనాలి.

ప్రశ్న: ఊరెళ్లేటప్పుడు ఫిల్టర్, లైటు రెండూ స్మార్ట్ ప్లగ్‌కు పెట్టి ఫోన్‌లోంచి నడపొచ్చా?
- గృహిణి, బళ్లారి చౌరస్తా, కర్నూలు

లైటు పెట్టండమ్మా, రోజుకు ఏడెనిమిది గంటలకు టైమర్ వేస్తే నాచు కూడా తగ్గుతుంది. ఫిల్టర్ మాత్రం వద్దు. నేను చేసిన తప్పే అది. ఒక మే నెలలో పెళ్లికని కడప వెళ్లాం. రాత్రి కరెంటు పోయి వచ్చింది. నా ప్లగ్ కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా సెట్ అయి ఉంది. వైఫై రూటర్ కూడా హ్యాంగయిందేమో, ఫోన్‌లో ‘ఆఫ్‌లైన్’ అని తప్ప ఇంకేం రాలేదు. మూడో రోజు తలుపు తీసేసరికి వాసనే చెప్పింది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే 30 డిగ్రీల్లో ఏడున్నరే నిలుస్తుంది. అందులో ఫిల్టరూ ఆగితే ఇంకేముంది.

మీ ప్లగ్ యాప్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ‘ఆన్’కో ‘ముందున్న స్థితి’కో మార్చండి. ఫిల్టర్‌ను నేరుగా ఇన్వర్టర్ లైను బోర్డుకు పెట్టండి. చిన్న ఫిల్టర్ ఐదారు వాట్లే తాగుతుంది, మీ ఎల్‌ఈడీ బల్బుకంటే తక్కువ. గాలి పంపు కూడా ఉంటే దాన్ని నీటిమట్టానికి పైన తగిలించండి. కిందుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పారి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్‌బోర్డు దాకా వస్తాయి. పైన పెట్టే వీలు లేకపోతే ట్యూబు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ వేయించండి, ఖర్చు పెద్దగా కాదు.