ఓడల పాత దుర్భిణి: చెక్కిన పేరును కాదు, అద్దాన్ని చూడండి

“ఓడల్లో వాడిన పాత ఇత్తడి దుర్భిణి ఒకటి అమ్మకానికి ఉంది, దానిమీద లండన్ అని, 1917 అని చెక్కి ఉంది, నమ్మి కొనవచ్చా?” అని అడిగారు. ఆ అక్షరాలను మాత్రం నమ్మకండి. నేను నమ్మి నష్టపోయాను.

వాణిజ్య నౌకల్లో డెక్ అధికారిగా పనిచేస్తున్న రోజుల్లో, సెలవుకు విశాఖపట్నం వచ్చినప్పుడు, ఒక పాత సామాను దుకాణంలో చెక్కపెట్టెతో సహా అలాంటిదే కొన్నాను. “కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917” అని దానిమీద ఉంది. ఆ సాయంత్రమే బీచ్ రోడ్డుకు వెళ్లి, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడల వైపు తిప్పి చూశాను. ఓడ అంచు పొడవునా ఒక పక్క ఊదారంగు, మరో పక్క పసుపురంగు చార కనిపించింది. ఎంత సర్దినా ముక్కు మీది పేరులో ఒక్క అక్షరమూ తేరలేదు. ఇంటికి వచ్చి ముందరి బిళ్ల విప్పితే లోపల ఒంటి అద్దం, అదీ వదులుగా కదులుతున్నది. ఆ రెండు పేర్లూ కలిసి ఒక సంస్థ అయినది 1947లో అని తరువాత తెలిసింది. 1917లో ఆ పేరుతో దుర్భిణి పుట్టే అవకాశమే లేదు.

ఒంటి అద్దం ఒక్కొక్క రంగును ఒక్కొక్క దూరంలో కేంద్రీకరిస్తుంది కనుకనే ఆ చారలు వస్తాయి. రెండు రకాల గాజులను జతచేసి ఆ దోషాన్ని తగ్గించే కటకానికి లండన్‌లో జాన్ డోలండ్ 1758లో పేటెంటు పొందాడు. ఆపైన మంచి ఓడ దుర్భిణులన్నీ ఆ జంట అద్దంతోనే వచ్చాయి. కాబట్టి ఆకాశానికి ఎదురుగా ఉన్న కరెంటు తీగను చూడండి. రంగులు గట్టిగా అంటుకుని కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. జేబులో పట్టేలా మూడు నాలుగు గొట్టాలుగా ముడుచుకునేవాటిని కూడా నేను అనుమానిస్తాను. ఊగే డెక్ మీద అన్ని అతుకులు ఉంటే చూపు నిలవదు కనుక, నావికులు పొడుగాటి ఒంటి గొట్టాన్నే ఎక్కువగా ఇష్టపడేవారు, తడిచేతికి జారకుండా దానికి తోలో తాడో చుట్టేవారు.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి ఉంది. అసలైనది దొరికినా, మనవాళ్లు చింతపండుతో తోమి బిందెలా మెరిపిస్తారు. దానితో పాత పూత పోతుంది, చెక్కిన గీతలు అరిగిపోతాయి. అద్దాన్ని చొక్కా కొంగుతో తుడిస్తే ఉప్పురేణువులు గీతలు పెడతాయి. ముందు మెత్తని కుంచెతో దులపాలి.

కొన్నేళ్ల తరువాత ఇంగ్లండులో ఒక రేవులో మరొకటి కొన్నాను. దానిమీద పేరు లేదు, ఏడాది లేదు, తోలు చిరిగి ఉంది, గొట్టానికి ఒక సొట్ట. అదే బీచ్ రోడ్డు మీద నిలబడి దానితో చూస్తే, ఓడ పేరు అక్షరం అక్షరంగా చదవగలిగాను. లంగరు గొలుసు దిగే రంధ్రం కింద కారిన తుప్పు చారికలు కూడా విడివిడిగా కనిపించాయి.