ఫోన్ పక్కనే ఉంది, నెట్ మాత్రం రాదు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. సెలవుల్లో ఆర్వీ (ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని పిల్లలతో క్యాంపులకు వెళ్తుంటాం. పార్కు వైఫై నెమ్మది కాబట్టి ఆఫీసు పనంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే. పగలు బాగానే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఫోన్‌లో నాలుగు గీతలు నిండుగా ఉన్నా మీటింగులో మాట తెగిపోతుంటుంది. ఇంకా పెద్ద ప్లాన్ కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆ గీతలు టవరుకీ ఫోన్‌కీ మధ్య సంగతే చెబుతాయి. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉన్న మూడడుగుల సంగతి వాటికి తెలీదు. తప్పు ఎటువైపుందో ముందు తేల్చుకోండి.

మాట తెగుతున్నప్పుడే ఫోన్‌లో మొబైల్ డేటా మీద స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (‘ఉన్నావా’ అని పలకరించే ఆదేశం) అని కొట్టి, పక్కన ఫోన్ నెట్‌వర్క్ చిరునామా ఇవ్వండి. ఐఫోన్ హాట్‌స్పాట్‌కైతే అది 172.20.10.1. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మారుతుంది. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట కనిపిస్తుంది. ఒక్కసారి చూసి వదిలేయకుండా నాలుగైదుసార్లు కొట్టండి. జవాబు కొద్ది మిల్లీసెకన్లలో వస్తుంటే వైఫై బాగానే ఉన్నట్టు. ఒకసారి 5, మరోసారి 400, మధ్యలో రిక్వెస్ట్ టైమ్‌డ్ ఔట్ అని వస్తుంటే జబ్బు ఆ మూడడుగుల్లోనే ఉంది. పింగ్ బాగుండి, ఫోన్‌లోనే స్పీడ్ పడిపోతే టవరు మీద రద్దీ. రెండూ బాగుండి ల్యాప్‌టాప్ మాత్రమే నత్తనడక నడుస్తుంటే ప్లాన్‌లో హాట్‌స్పాట్ కోటా అయిపోయిందేమో చూడండి. చాలా ప్లాన్లలో ఆ కోటా వేరే ఉంటుంది. పెద్ద ప్లాన్ మాట ఆలోచించాల్సింది అప్పుడు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే అనుమానం వైఫై నడిచే రేడియో బ్యాండుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ మీదకే పోతోంది. అమెరికాలో ఆ బ్యాండులో 11 ఛానళ్లున్నా ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. ఆన్‌లో ఉన్న హాట్‌స్పాట్ డేటా ఏమీ పారకపోయినా సెకనుకు సుమారు 10 సార్లు ‘నేనిక్కడున్నాను’ అని చాటుతుంది. ఆ చాటింపు పాతకాలపు 1 ఎంబీపీఎస్ వేగంతో వెళ్తే ఒక్కోటి రెండు మిల్లీసెకన్ల పైనే గాలిని పట్టి ఉంచుతుంది. అంటే ఒక్క హాట్‌స్పాట్ ఖర్చు ఛానల్‌లో 2 శాతం. శుక్రవారం సాయంత్రం చుట్టూ 15 బళ్లు వచ్చి ఆగి, అందరి ఫోన్లూ ఒకే ఛానల్ మీద కూర్చుంటే, ఎవరూ ఏమీ చూడకముందే మూడోవంతు దాకా హరీ. అదే వేళకు భోజనాలు వేడిచేసే మైక్రోవేవ్‌లు కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే గోల చేస్తాయి.

‘అందరూ 6 మీద ఉన్నారు, నేను 4కి పోతా’ అని రూటర్ సెట్టింగులు మార్చేవాళ్లుంటారు. అది మరీ చెడ్డ పని. ఒకే ఛానల్‌లో ఉన్న పరికరాలు ఒకదాని మాట ఒకటి విని వంతులు పాటిస్తాయి. 4లో ఉన్నదాన్ని 6లో ఉన్నవి మాటగా కాక రొదగా వింటాయి. ఇద్దరి పనీ పాడే.

మందు తేలికే. ఐఫోన్ 12, ఆ తర్వాతి ఫోన్లలో పర్సనల్ హాట్‌స్పాట్ కింద మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫోన్ 2.4కే కట్టుబడుతుంది, ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు సరిగ్గా దాటలేదని ఇళ్లలో తిట్టుకుంటాం గానీ క్యాంపులో ఆ గుణమే కలిసొస్తుంది. అల్యూమినియం రేకు కొట్టిన ఆర్వీల మధ్య పక్కవాళ్ల సిగ్నల్ మీదాకా అంతగా రాదు. బయట గొడుగు కింద కూర్చుని పనిచేస్తే మాత్రం ఫోన్ కూడా బయటికి తెచ్చుకోవాలి. ఎండలో పెట్టకండి. ఐఫోన్ వాడకానికి యాపిల్ చెప్పిన హద్దు 35 డిగ్రీల సెల్సియస్. టెక్సాస్ ఎండలో డ్యాష్‌బోర్డు మీద అది ఎప్పుడో దాటిపోతుంది, ఫోన్ వేడెక్కి హాట్‌స్పాట్ మొండికేస్తుంది.

ముఖ్యమైన మీటింగు ఉందంటే వైఫై జోలికే పోకుండా యూఎస్‌బీ కేబుల్ పెట్టండి. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుల్ కాకుండా డేటా కేబుల్ కావాలి. ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయాలి. ఐఫోన్‌ని విండోస్‌కి కలిపితే యాపిల్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. కేబుల్ వాడేటప్పుడు వైఫై హాట్‌స్పాట్ ఆపేస్తే పక్కవాళ్లకూ ఓ చాటింపు తగ్గుతుంది.

ప్రశ్న: ఒక పార్కులో హాట్‌స్పాట్లు ఆపమని బోర్డు పెట్టారు. వాళ్లు మన హాట్‌స్పాట్‌ని బలవంతంగా ఆపించగలరా?

జవాబు: అడగొచ్చు, అడ్డుకోకూడదు. నకిలీ డీఆథెంటికేషన్ సందేశాలు పంపి ఇతరుల పరికరాలను హాట్‌స్పాట్ నుంచి తెంపడం అమెరికాలో చట్టవిరుద్ధం. నాష్‌విల్‌లోని గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్లో ఈ పని జరిగినందుకు 2014లో దాన్ని నడిపే మారియట్ సంస్థ 6 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. వైఫై నిరోధం ఎక్కడ చేసినా తప్పేనని 2015 జనవరిలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ హెచ్చరించింది కూడా. అయితే తమ వైఫైని మీరు రూటర్‌తో మళ్లీ పంచకూడదని పార్కు షరతు పెడితే అది వేరే సంగతి, అది వాళ్ల నెట్‌వర్కు. ఇక ఆ బోర్డు వెనకున్న బాధ నిజమే కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కి మారితే గొడవే ఉండదు.

ప్రశ్న: వికారాబాద్ దగ్గర 20 టెంట్ల క్యాంపు మాది. మూడు రూటర్లు పెట్టినా ఫిర్యాదులు తప్పట్లేదు. నాలుగోది పెట్టమంటారా?

జవాబు: వద్దు. మూడింటిలోనూ ఛానల్ ఎంపికను ఆటో నుంచి తీసి 2.4లో వరసగా 1, 6, 11 ఇవ్వండి. ఛానల్ వెడల్పు 40 కాక 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 2.4 పవరు సగానికి తగ్గించండి. రూటర్ గట్టిగా అరిచినంత మాత్రాన టెంట్‌లోని ఫోన్ తిరిగి అంత గట్టిగా అరవలేదు. గుడ్డ టెంటు 5 గిగాహెర్ట్జ్‌ని పెద్దగా ఆపదు కాబట్టి ఆ బ్యాండుకు వేరే పేరు పెట్టి, రిసెప్షన్‌లో దాని పాస్‌వర్డే ఇవ్వండి.