చంద్రుడి మీద నిలబడితే ఏమి కనిపిస్తుంది?

పట్టపగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది. వెలుగును చెదరగొట్టే గాలి అక్కడ లేదు. అయినా ఎండలో మెరిసే నేల కాంతికి అలవాటుపడిన కళ్లకు నక్షత్రాలు ఆనవు. నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది భూమి. మనవైపు ముఖం మీద నిలబడితే, మనకు కనిపించే చంద్రుడికి దాదాపు నాలుగింతల వెడల్పుతో, ఉదయించకుండా, అస్తమించకుండా, ఇంచుమించు ఒకేచోట నిలిచి ఉంటుంది. కళలు మాత్రం మారుతుంటాయి: మనకు అమావాస్య అయితే అక్కడ నిండు భూమి! బెంగళూరులో 60 కిలోలు తూగే మనిషి అక్కడ 10 కిలోలే తూగుతాడు. శబ్దం వినిపించదు. ఇక వేడి సంగతి. మా బెంగళూరులోని ఇస్రో కేంద్రం నుంచి నడిపించిన చంద్రయాన్-3, 2023 ఆగస్టులో దక్షిణ ధ్రువ ప్రాంతం దగ్గర దాన్ని కొలిచింది: నేల పైన 50 డిగ్రీలకు పైగా, కేవలం 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10. ఆ మట్టి వేడిని అంతగా అడ్డుకుంటుంది.