కాలనీ చెరువు మట్టికట్ట కింద ఎప్పుడూ తడిగా ఉంటోంది, ఏం చేయాలి?

అట్లాంటా శివారులో చెరువు ఉన్న కాలనీలో ఇల్లు కొన్నామని, కట్ట కింద తడి ఆరడం లేదని, కట్టమీద చెట్లు కొట్టించాలా అని అడిగారు. మాదీ జార్జియాలో అలాంటి కాలనీయే అండీ. మా చెరువు కమిటీలో పనిచేస్తూ నేర్చుకున్నది చెప్తాను.

మట్టికట్టకు కొంత ఊట సహజం. ఆ నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, బుంగ పడుతోందన్నమాట. ఆ రోజే ఇంజినీరుకి, రాష్ట్ర సేఫ్ డ్యామ్స్ విభాగానికి ఫోన్ చేయాలి. తేటగా ఉంటే ఊట దగ్గర చిన్న గొట్టం పెట్టి, బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతోందో నెలనెలా రాసుకోండి. పక్కనే చెరువు మట్టం కూడా రాయండి. మట్టం మారకుండా ఊట పెరిగితే అది ప్రమాద సూచన.

మా దగ్గర తడి తూము పైపు బయటికి వచ్చే చోట మొదలైంది. అవి స్ప్రింక్లర్ నీళ్లేనని చాలామంది కొట్టిపారేశారు. పైపులోకి కెమెరా పంపిస్తే అసలు సంగతి బయటపడింది. ముడతల స్టీలు పైపు అడుగున తుప్పుపట్టి, అతుకుల దగ్గర చిల్లులు పడ్డాయి. పాత చెరువుల్లో ఈ రకం పైపులు చాలా ఉన్నాయి, మీదీ అదేనేమో ముందు కనుక్కోండి. పాత పైపులోకి కొత్త ప్లాస్టిక్ పైపు దూర్చి, మధ్య సందును గ్రౌటుతో, అంటే పలుచటి సిమెంటు ముద్దతో నింపి, బయటి కొస చుట్టూ ఇసుక ఫిల్టర్ వేశారు. ఖర్చు దగ్గర పెద్ద గొడవే జరిగింది, అయినా ఆ డబ్బు పెట్టాల్సిందే. పని కోసం నీళ్లు దించేటప్పుడు ఇంజినీరు రోజుకు అడుగు కూడా దాటనివ్వలేదు. గబగబా దించితే నానిన లోపలి వాలు జారిపోతుంది.

చెట్ల విషయంలో తొందరపడకండి. చిన్న మొక్కలు కోసేయొచ్చు. పెద్ద చెట్టు కొట్టి మొదలు వదిలేస్తే వేళ్లు కుళ్లి నీళ్లకు దారవుతాయి. వేళ్లతో పెకలించి, గుంటను మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేయడం ఇంజినీరు దగ్గరుండి చేయించాల్సిన పని. గడ్డి మాత్రం పొట్టిగా ఉంచండి, లేకపోతే మస్క్‌రాట్లు (నీళ్ల దగ్గర ఉండే పెద్ద ఎలుకల్లాంటి జంతువులు) తవ్విన బొరియలు కనిపించవు. మన ఊళ్లో వానాకాలం నీరటికాడు కట్టమీద తిరిగేవాడు కదా, ఇక్కడ ఆ పని మనమే చేయాలి.

చేపలు పోతున్నాయని అలుగుకు జాలీ కట్టమనేవాళ్లు ఉంటారు. అస్సలు ఒప్పుకోకండి. పెన్సిల్వేనియాలో ఒక క్లబ్బు విహారానికి వాడుకున్న సౌత్ ఫోర్క్ చెరువు అలుగుకు చేపల జాలీలుండేవి. 1889 మే 31న కుండపోత వానకు చెత్త వాటికి అడ్డుపడి నీళ్లు సరిగా పోలేదు, కట్టమీదుగా పొర్లి గండి పడింది. అడుగున నీళ్లు వదిలే పైపులు అంతకుముందే తీసేశారు. 2,209 మంది చనిపోయారు. మన జార్జియాలోనే, టొకోవా దగ్గర కెల్లీ బార్న్స్ కట్ట 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక తెగి 39 మంది పోయారు. మరుసటి ఏడాదే రాష్ట్రంలో డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది.

కట్ట తెగితే ప్రాణనష్టం జరిగేలా ఉంటే దాన్ని ఇక్కడ కేటగిరీ 1 అంటారు. దిగువన కొత్త ఇళ్లు వస్తే పాత కట్ట కూడా ఆ కేటగిరీలోకి మారొచ్చు. మీ హెచ్‌ఓఏని, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘాన్ని, చివరి తనిఖీ రిపోర్టు అడగండి. అర్ధరాత్రి కట్టకు ఏమైనా అయితే దిగువ ఇళ్లవాళ్లకు ఎవరు ఫోన్ చేస్తారో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.